నాలుగు వందల ఏడుకి రెండో తాళం

చచ్చిపోయి రెండేళ్ళయిన మా అన్నయ్య శనివారం సాయంత్రం ఆరూ నలభైకి రిసార్టు రిసెప్షన్లో సంతకం పెట్టి, నాలుగు వందల ఏడో గదికి రెండో తాళం తీసుకున్నాడు. ఎనిమిది కొట్టేలోపు ఆ గదిలో ఒక మనిషిని ఇస్త్రీపెట్టెతో కొట్టి చంపేశారు. గది మా వదిన పేరు మీద ఉంది. సోమవారం సాయంత్రం ఐదింటికల్లా ఆమెను అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ నా మొహం మీదే చెప్పాడు.

అందుకే సోమవారం ఉదయం పదకొండూ ఇరవైకి నేను పంచదార కాలరు పట్టుకుని వాణ్ణి వాడి ఆఫీసు గోడకే ఆనించి నిలబెట్టాను.

పంచదార అన్నది వాడి అసలు పేరు కాదు. మాటలో అంత తీపి ఉంది కాబట్టి ఊరంతా అలా పిలుస్తుంది. పాయింట్ల బ్రోకరు. రిసార్టు క్లబ్బులో చేరినవాళ్ళకి ఏటా కొన్ని పాయింట్లు వస్తాయి. వాటితో క్లబ్బు గదుల్లో ఎక్కడైనా వారం పది రోజులు ఉండొచ్చు. ఏడాదిలోగా వాడుకోకపోతే పాయింట్లు మురిగిపోతాయి. అలా మురిగిపోతున్న పాయింట్లతో గది బుక్ చేసి, దాన్ని బయటివాళ్ళకి అద్దెకివ్వడం పంచదార పని.

మా అన్నయ్య ముచ్చటపడి కొనుక్కున్న పాయింట్లవి. ఒక్కరోజు కూడా ఆ గదుల్లో పడుకోకుండానే గుండె ఆగి పోయాడు. వదిన నర్సు. ఆసుపత్రిలో ఆమెకి సెలవు దొరకదు, దొరికినా ఒక్కతే వెళ్ళి గోడలు చూస్తూ కూర్చోవాలి. ఊరికే పోనివ్వడం ఎందుకు, అద్దెకిచ్చెయ్ వదినా అని సలహా ఇచ్చిన మహాతల్లిని నేనే. ఆ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. ప్రస్తుతానికి పంచదార చెంపలు దగ్గరగా ఉన్నాయి.

"మా వదిన పాస్‌వర్డు నీ దగ్గరుందా, లేదా?"

"మేడం, కాలరు వదిలితే కూర్చుని మాట్లాడుకుందాం."

"వదిలితే పారిపోతావు. నిలబడే చెప్పు."

"నేను ఎవర్నీ అడగను మేడం. సభ్యులే ఇస్తారు. బుకింగు గొడవ పడే ఓపిక ఎవరికుంది చెప్పండి. నువ్వే చూసుకో బాబూ అని చేతిలో పెట్టేస్తారు."

అంతసేపూ వాడి కుడిచెయ్యి వీపు వెనకే ఉంది. లాగి చూశాను. చూపుడువేలు, నడిమివేలు కలిపి చెక్కముక్క పెట్టి కట్టు కట్టారు. కట్టు చివర గోళ్ళు నల్లగా కమిలిపోయాయి.

"ఇదేంటి?"

"తలుపులో పడిందండీ."

ఆ రెండు వేళ్ళనూ గుప్పిట్లోకి తీసుకుని నొక్కాను. మంచిపని కాదని నాకూ తెలుసు. పంచదార మోకాళ్ళ మీదికి జారిపోయాడు. నోట్లోంచి అరుపు కూడా సరిగ్గా రాలేదు.

"చెప్తాను, చెప్తాను మేడం. శనివారం. మధ్యాహ్నం పన్నెండున్నర. షాపు మూసి అన్నానికి పోదామని లేచాను. ఒకడు హెల్మెట్టు తియ్యకుండా లోపలికొచ్చి షట్టరు దించేశాడు. చేతులకి తోలు గ్లవ్సు. ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పాస్‌వర్డుల పుస్తకం అని రాసుంది. ఏ పుస్తకం సార్ అన్నాను. నా చెయ్యి సొరుగులో పెట్టి సొరుగు మూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు."

"పుస్తకం ఇచ్చావా?"

"నాలుగోసారి మూస్తే చెయ్యే ఉండేది కాదు మేడం."

"అందులో ఎంతమందివి ఉన్నాయి?"

"నలభై ఒక్కమందివి. మీ వదిన గారివి కూడా."

"మరి పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"పాయింట్లు అద్దెకివ్వడం క్లబ్బు రూల్సుకి విరుద్ధం. బయటపడితే నలభై ఒక్కమంది సభ్యత్వాలూ రద్దు చేస్తారు. వాళ్ళందరూ వచ్చి నన్ను ఉతికి ఆరేస్తారు. అసలే పోయిన నెల ఒకాయన నా మీద స్టేషన్లో ఫిర్యాదు పెట్టాడు, ఒకే గది ఇద్దరికిచ్చానని. అప్పుడే నా దగ్గరున్న సభ్యుల జాబితా మొత్తం రాయించుకుని, ఇంకోసారి కనిపిస్తే తాట తీస్తామన్నారు. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"హెల్మెట్టువాడు నోరు విప్పలేదంటే, వాడి గొంతు నీకు తెలుసన్నమాట."

"తెలిసిన గొంతులు వందలున్నాయి మేడం. నా బతుకంతా ఫోన్లోనే కదా."

చనిపోయినవాడి సంగతి అడిగాను. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కూతురి పరీక్షలైపోయాయని నాలుగు రోజులు చల్లగా గడుపుదామనుకున్నాడు. సామాన్లతో తనొక్కడే శనివారం ముందొచ్చాడు. భార్యా కూతురూ ఆదివారం ఉదయం బస్సులో వచ్చారు. పది గంటలకి తలుపు ఎంత కొట్టినా తియ్యకపోతే మేనేజరుతో తీయించారు. ఆ పిల్ల ముందు లోపలికి పరిగెత్తిందట. తరవాత ఏం చూసిందో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

"అతనికి గెస్టు లెటరు ఇచ్చావా?" అన్నాను. సభ్యులు కానివాళ్ళు వస్తే వాళ్ళ పేరు మీద ముందే ఆ లెటరు పుట్టించాలి. అప్పుడే కంప్యూటర్లో గది వాళ్ళ పేరు మీదికి మారుతుంది.

"లేదు మేడం. లెటర్లు ఎక్కువైతే అద్దె వ్యాపారమని క్లబ్బువాళ్ళు పసిగట్టేస్తున్నారు. అందుకని ఈ మధ్య సభ్యుల తమ్ముణ్ణని చెప్పమని, సభ్యత్వ కార్డు జిరాక్సు ఇచ్చి పంపించేస్తున్నాను. అక్క వెనకాల వస్తోందంటే రిసెప్షన్లో ఏమీ అనరు."

"అంటే పుస్తకం పట్టుకుపోయినవాడు కంప్యూటరు తెరిచి చూస్తే?"

"మీ వదిన గారే నాలుగు వందల ఏడులో దిగినట్టు కనిపిస్తుంది."

శనివారం ఆ సమయానికి వదిన ముందురోజు డ్యూటీ అలసటతో నా ఇంట్లో ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. అది చూసిన సాక్షి నేనొక్కదాన్నే. ఆడబిడ్డ సాక్ష్యం ఇన్‌స్పెక్టర్ లెక్కలోకి రాదు.

"నువ్వు శనివారం ఒంటిగంటకి ఒక్క ఫోను చేసుంటే ఆ మెకానిక్కు బతికేవాడు" అన్నాను.

"భయపడ్డాను మేడం" అన్నాడు పంచదార, నేల మీదే కూర్చుని. ఒక్కటి పీకాను. వాడు చెంప పట్టుకోలేదు, తల కూడా ఎత్తలేదు.

*

రిసార్టుకి చేరేసరికి రెండు కావస్తోంది. మేనేజరు చెమటలు కక్కుతూ నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళి, తలుపు తీసి, తాను లోపలికి రానన్నాడు. గదిలో ఇన్‌స్పెక్టర్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

"నేను బదిలీ మీద ఈ స్టేషనుకి వచ్చి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో నా ప్రతి కేసులో వేలు పెట్టిన ప్రైవేటు డిటెక్టివ్‌వి నువ్వొక్కదానివే."

"మీరు పట్టుకున్న ప్రతివాడూ అమాయకుడైతే నన్నేం చెయ్యమంటారు?"

"నీకు ఐదింటిదాకా టైమిచ్చాను. ఇంకా మూడు గంటలుంది. చూసుకో, ముట్టుకోకు."

గదంటే గది కాదు, చిన్నపాటి ఇల్లు. ముందు హాలు, పక్కన వంటగట్టు, లోపల పడకగది, స్నానాలగది. హాల్లో కుర్చీ ఒకటి పక్కకి పడి ఉంది. దాని కాళ్ళకి ఇస్త్రీపెట్టె తీగ ముక్కలు కట్టి ఉన్నాయి. కుర్చీ చుట్టూ నెత్తురు ఎండి నల్లబడింది. గోడ మీద చిందిన మరకలు మోకాలి ఎత్తున మొదలై మనిషి తల ఎత్తు దాకా పాకాయి. ఒక పన్ను సోఫా కిందికి దొర్లిపోయింది. దాని చుట్టూ సుద్దతో గుండ్రంగా గీత గీశారు.

తలుపు తాళం లోపల ఉన్న చిప్పు ప్రకారం మెకానిక్కు నాలుగూ పన్నెండుకి లోపలికొచ్చాడు. ఆరూ పదికి ఎవరో మా వదిన పాస్‌వర్డుతో కంప్యూటర్లోకి వెళ్ళి, ఉమ్మడి సభ్యుడైన మా అన్నయ్య కూడా వస్తున్నట్టు నమోదు చేశారు. ఆరూ నలభైకి టోపీ, మాస్కు పెట్టుకున్న మనిషి రిసెప్షన్లో అన్నయ్య కార్డు ప్రింటు చూపించి తాళం తీసుకున్నాడు. ఆరూ నలభై ఆరుకి ఈ తలుపు తెరుచుకుంది. ఏడుంబావుకి పక్కగదివాళ్ళు టీవీ మోత భరించలేకపోతున్నామని కిందికి ఫోను చేశారు. ఏడూ యాభై ఐదుకి తలుపు మళ్ళీ తెరుచుకుంది. డెబ్భై నిమిషాలు. ఆ డెబ్భై నిమిషాలూ మెకానిక్కు బతికే ఉండి ఉంటాడు.

"కథ చాలా తేలిక" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ వదిన గది తీసుకుంది. మొగుడు పోయిన ఒంటరిది కదా, ఈ మెకానిక్కుని పిలిపించుకుంది. అది ఇంకొకడికి నచ్చలేదు. మొగుడి కార్డు వాడికి ఎవరిచ్చారు? పాస్‌వర్డు ఎవరిచ్చారు? ఈ ముండ ఎవడెవడితో..."

ఆ మాట పూర్తి కాకముందే గట్టు మీదున్న స్టీలు చెంబు నా చేతిలోకి వచ్చింది. విసిరితే గురి తప్పి అతని భుజానికి తగిలింది. రెండంగల్లో మీదికొచ్చి నా మణికట్టు పట్టుకుని తలుపు చట్రానికేసి బాదాడు. మొదటి దెబ్బ చెంబుకి బదులనుకోవచ్చు. రెండో దెబ్బ ఎందుకు కొట్టాడో అతనికే తెలియాలి. ఎముక దగ్గర చర్మం చీలి మోచేతి దాకా నెత్తురు కారింది.

"పోలీసు మీద చెయ్యి చేసుకున్నందుకు నిన్ను కూడా లోపలేస్తాను."

"వేసుకోండి. ముందు ఆ పోస్ట్‌మార్టం కాగితం మీరు సరిగ్గా చదివారా?"

"చదివాను."

"అయితే దెబ్బల వరస చెప్పండి. ముందు కాలివేళ్ళు. తరవాత మోకాళ్ళు. తరవాత చేతివేళ్ళు. తల ఆఖరున. గోడ మీద మరకలు కూడా కింద నుంచి పైకే ఉన్నాయి. కోపంతో చంపేవాడు మొదటి దెబ్బ తల మీదే వేస్తాడు. మోకాళ్ళతో మొదలుపెట్టాడంటే ఏదో అడుగుతున్నాడు. టీవీ అంత మోతగా పెట్టింది అందుకే."

"ఏం అడుగుతాడు ఒక లిఫ్టు మెకానిక్కుని?"

"ఆమె ఎక్కడ అని" అన్నాను. నోటితో అనేదాకా నాకూ పూర్తిగా తెలియలేదు. "వాడొచ్చింది మెకానిక్కు కోసం కాదు. పాయింట్ల బ్రోకరు పంచదార వేళ్ళు చితక్కొట్టి పాస్‌వర్డుల పుస్తకం లాక్కున్నాడు. కంప్యూటరు చూసి, మా వదిన ఒంటరిగా ఇక్కడుందనుకుని వచ్చాడు. తలుపు తీస్తే ఎవరో మగవాడు. అక్క వస్తోందని ఈ అమాయకుడికి పంచదార నేర్పిన అబద్ధం ఉంది కదా, అదే చెప్పి ఉంటాడు. ఆ అక్క ఎప్పుడొస్తుందో, ఎక్కడుందో చెప్పమని కొట్టాడు. మా వదిన మొహం కూడా ఎరగడు ఇతను. ఏం చెప్తాడు?"

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "మీ వదినని చంపాల్సిన అవసరం ఎవరికుంది?"

"గురువారం ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాలి."

ఆ సంగతి అతనికి చెప్పాను. ఆరు నెలల క్రితం వదిన క్యాజువాలిటీలో ఉన్నప్పుడు, ఊరికి ఆ చివరున్న స్టేషన్ నుంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు లాకప్పులో ఉన్న ఒక మనిషిని జీపులో తెచ్చారు. తెచ్చేసరికే ప్రాణం లేదని, టైము మధ్యాహ్నం ఒంటిగంటా పది అని వదిన రిజిస్టర్లో రాసింది. పోలీసు కాగితాల్లో మాత్రం అతను మూడింటికి ఆసుపత్రిలో గుండెపోటుతో పోయినట్టు ఉంది. రిజిస్టర్లో ఆ ఒక్క పేజీ తరవాత మాయమైంది. ఇప్పుడు మిగిలింది వదిన నోరొక్కటే.

"ఆ కానిస్టేబుళ్ళిద్దరూ సస్పెన్షన్లో ఉన్నారు" అన్నాను. "వాళ్ళో, వాళ్ళు పెట్టిన మనిషో. నర్సుల హాస్టల్లో నలభైమంది మధ్య ఆమెని ఏమీ చెయ్యలేరు. ఊరవతల రిసార్టులో ఒంటరి ఆడది దొరికితే ఇంకేం కావాలి."

అతను వంటగట్టు దగ్గరికెళ్ళి, జేబురుమాలు తడిపి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కట్టుకో. నెత్తురు కారుతోంది." గొంతు తగ్గింది. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఇప్పుడే తట్టింది కాబట్టి."

"వాడి చేతిలో మీ వదిన వివరాలన్నీ ఉన్నాయి. నీ ఇల్లు కనుక్కోవడం ఎంతసేపు? ఆమె ఇప్పుడు ఎక్కడుంది?"

అరెస్టు మాట విన్నప్పట్నుంచీ వదినని దాచింది నేనే. చెప్పనా వద్దా అని తటపటాయించాను. ఈ మనిషి నన్ను ఐదు నెలలుగా కాల్చుకుతిన్నాడు. కానీ వేళ్ళు, మోకాళ్ళు చితక్కొట్టేవాడు ఊళ్ళో తిరుగుతున్నప్పుడు లాకప్పే నయం. తలుపుకి తాళం, బయట తుపాకీతో సెంట్రీ. కేసు సంగతి తరవాత, ముందు ప్రాణంతో ఉండాలి కదా.

"మా ఆఫీసు కింద కళ్ళద్దాల షాపుంది. దాని వెనక గదిలో."

"నేనే స్వయంగా వెళ్ళి తీసుకొస్తాను. కొత్త మొహాన్ని చూస్తే తలుపు తియ్యదేమో, ఫోను చేసి చెప్పు."

చేశాను. "వదినా, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. భయపడకు, అతనితో వెళ్ళు" అన్నాను. సరేనంది. ఎప్పుడూ అంతే, నా మాటకి ఎదురు చెప్పదు.

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. "మనబోటి జీతగాళ్ళు ఇలాంటి చోట్లకి ఎప్పుడొస్తాం చెప్పు. శవం లేస్తేనే రావడం" అంటూ వంటగట్టు దాటుతూ, వంగి పొయ్యి కింద గ్యాసు వాల్వు తిప్పి కట్టేశాడు. గట్టు మీదున్న తువ్వాలు తీసి నిలువుగా నాలుగు మడతలు పెట్టి, ఫ్రిజ్ తలుపు పూర్తిగా మూసుకోకుండా సందులో దోపాడు. "లేకపోతే వాసనొస్తుంది" అన్నాడు. మూడూ ఐదుకి బయల్దేరాడు.

నేను చేతికి గుడ్డ చుట్టుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళాను. తొట్టిలో పక్కదుప్పట్లు ఉన్నాయి. నెత్తుటి మరకలు దాచడానికి పడేసినట్టు లేవు. దుప్పట్లన్నీ చుట్టి ఒక దిండు గలేబులో కూరి, మూతి ముడేశారు. చెత్తసంచి కూడా కట్టి తలుపు పక్కన నిలబెట్టారు. మనిషిని చంపినవాడు ఇల్లు సర్దిపెట్టి పోవడమేంటో నాకు అర్థం కాలేదు.

అరగంట పాటు మిగతా గదులు కూడా వెతికాక, గదులు సర్దే ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. అరవై ఉంటాయి. లోపలికి చూడకుండా మొహం తిప్పుకుని అడిగింది. "పోలీసులు వెళ్ళిపోయారామ్మా? దుప్పట్లు ఎప్పుడు తియ్యమంటారో అడుగుదామని."

"ఇలా మూటకట్టి పెట్టమని మీరే చెప్తారా వచ్చినవాళ్ళకి?"

"ఇప్పుడెవరు కడతారమ్మా. ఎక్కడివక్కడ వదిలేసి పోతారు. ఇది పాతవాళ్ళ పద్ధతి. పాయింట్లు రాకముందు వారాలుండేవి. ప్రతి కుటుంబానికీ ఏటా ఒకే వారం, ఒకే గది. అప్పుడు మేము పనిచేసేది ఇద్దరమే. వెళ్ళేటప్పుడు వాళ్ళే దుప్పట్లు మూటకట్టి తొట్లో వెయ్యాలి, చెత్త గుమ్మం దగ్గర పెట్టాలి, గ్యాసు కట్టాలి, ఫ్రిజ్ తలుపులో తువ్వాలు మడిచి దోపాలి. చెయ్యకపోతే జరిమానా. చిన్నపిల్లలక్కూడా వచ్చేసేది. ఆ పద్ధతి పోయి పదిహేనేళ్ళయింది."

నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. "తువ్వాలు ఎన్ని మడతలు?"

"నిలువుగా నాలుగు." ఆవిడ ఫ్రిజ్ వైపు తొంగిచూసింది. "ఇదిగో, ఇలాగే. బాబు పెట్టాడా? మర్చిపోలేదన్నమాట."

"ఏ బాబు?"

"అదేనమ్మా, ఇన్‌స్పెక్టర్ బాబు. నిన్న నన్ను గుర్తుపట్టలేదు గానీ, నేను పట్టాను. వాళ్ళ నాన్న కూడా పోలీసే. ఏటా వేసవిలో రెండో వారం ఈ అంతస్తులోనే దిగేవాళ్ళు. సర్దడం బాబు పనే. తప్పు చేస్తే ఆ తండ్రి బెల్టు తీసేవాడు."

జన్మలో ఇలాంటి చోటికి రానట్టు మాట్లాడిన మనిషి. పంచదార సభ్యుల జాబితా రాయించుకున్న స్టేషన్ అతనిది. పంచదార అతని గొంతు గుర్తుపట్టగలిగేది కూడా అందుకే. ఇక్కడికి బదిలీ మీద వచ్చి ఐదు నెలలు, ఊరి ఆ చివరి స్టేషన్లో లాకప్పు చావు జరిగి ఆరు నెలలు. ఆ మనిషి ఆసుపత్రిలో మూడింటికి పోయి ఉంటే తప్పు వెంట ఉన్న కానిస్టేబుళ్ళిద్దరితో ఆగిపోతుంది. ఒంటిగంటా పదికే ప్రాణం లేదంటే స్టేషన్లోనే పోయాడు, అప్పుడు నేరం అక్కడ డ్యూటీలో ఉన్న ఆఫీసరుది. ఆ ఆఫీసరు ఎవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. గురువారం అడుగుతారు.

నా చేతులతో నేనే అప్పగించాను.

టైము మూడూ నలభై. కళ్ళద్దాల షాపు ఇక్కడికి ఇరవై ఐదు నిమిషాలు. మేనేజరుకి చెప్పి పోలీసు పెద్దాఫీసుకి ఫోను చేయించమని, ఇన్‌స్పెక్టరే హంతకుడని చెప్పమని ఆవిణ్ణి కిందికి తరిమాను. చేతి గుడ్డ ఊడి ఫోను మీద నెత్తురు పడుతోంది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మూడోసారి వదిన ఎత్తింది.

"కార్లో కూర్చున్నానే. నువ్వు చెప్పావనే తలుపు తీశాను" అంది.

పక్కనుంచి అతని గొంతు వినిపించింది. "ఆడబిడ్డగారేనా? మాట్లాడండి, పర్లేదు."

"వదినా, నేను ఏమడిగినా అవును, కాదు అని మాత్రమే చెప్పు. మామూలుగా మాట్లాడు. కార్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేదు."

"స్టేషన్ దారిలో వెళ్తున్నారా?"

"కాదనుకుంటా."

"ఆ లాకప్పు మనిషిని చంపింది ఇతనే. ఆ మెకానిక్కునీ ఇతనే. నీ కోసం వచ్చి అతన్ని చంపాడు. విన్నావా?"

వదిన ఊపిరి ఒక్కసారి లోపలికి పీల్చుకోవడం వినిపించింది. "ఆఁ" అంది. పన్నెండేళ్ళు క్యాజువాలిటీలో చేసిన మనిషి. గొంతు వణకలేదు.

"ముందు సీట్లోనేనా?"

"అవును."

"సీటుబెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"అతను?"

తల తిప్పి చూసి ఉంటుంది. "లేదు."

"కారు బాగా వేగంగా పోతోందా?"

"అవును."

"బెల్టు పెట్టుకోనివాళ్ళు నీ దగ్గరికి ఎలా వచ్చేవాళ్ళో నాకంటే నీకే తెలుసు వదినా. స్టీరింగు నీ చేతికి అందుతుంది. నన్ను క్షమించు. నాకింకేమీ తోచట్లేదు."

ఇంజను మోత, కిటికీలో గాలి. అర్థమయిందో లేదో అనుకున్నాను. అప్పుడు వదిన మాట్లాడింది. మా ఇంట్లో ఉన్నప్పుడల్లా డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"సరేలే. నువ్వు వేళకి అన్నం తిను. మళ్ళీ కడుపు మాడ్చుకుంటావు."

అతను ఏయ్ అన్నాడు. టైర్లు కీచుమన్నాయి. ఆ తరవాత వచ్చిన చప్పుడుకి ఫోను చెవి దగ్గర్నుంచి తీసేశాను. అద్దాలు రాలిన చప్పుడు, ఇనుము నలిగిన చప్పుడు, ఏదో ఒరుసుకుంటూ పోయి ఆగిన చప్పుడు. మళ్ళీ చెవికి పెట్టుకున్నాను. లైను తెగలేదు. హారను ఒకటే మోత మోగుతోంది.

"వదినా."

హారను ఆగింది.

ఒక తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఒక్కటే తలుపు. కంకర మీద అడుగులు వినిపించాయి, ఒక కాలు ఈడుస్తున్న అడుగులు, ఒక్క మనిషివే.

"వదినా" అని మళ్ళీ పిలిచాను.

అడుగులు ఆగాయి. ఎవరూ పలకలేదు.